మందలించే స్నేహితుణ్ణి వెతుక్కోండి: తలకిందులుగా వినిపించే ఎనిమిది సలహాలు

పన్నెండేళ్ళ కిందటి మాట. శనివారం రాత్రి తొమ్మిదిన్నర దాటింది. బయట ముసురు. మర్నాడు ఆరాధన అయ్యాక సంఘం మీటింగు ఉంది. చర్చి ప్రహరీగోడ లెక్కల్లో తేడా వచ్చిందని ఒక సంఘ పెద్ద మీద నాలుగు పేజీల ఉత్తరం రాశాను, అందరి ముందూ చదవాలని. సాయంత్రమే దాన్ని నా స్నేహితుడికి వినిపించాను. మేమిద్దరం సండే స్కూల్లో ఒకే చాప మీద కూర్చుని కంఠత వాక్యాలు అప్పజెప్పినవాళ్ళం. విన్నప్పుడు ఏమీ అనలేదు. రాత్రి గొడుగేసుకుని మళ్ళీ వచ్చాడు.

నా భార్య టీ ఇచ్చింది. గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు గానీ తాగలేదు. కాసేపటికి టీ మీద మీగడ కట్టింది. అప్పుడు నోరు విప్పాడు. "ఒరేయ్, లెక్కల్లో తేడా ఉంటే ఉండొచ్చు. కానీ నువ్వు లెక్క కోసం రాయలేదురా. పోయినేడు మీవాడి పెళ్ళికి ఆయన రాలేదు. అందుకు రాశావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు నీతులు చెప్పడానికి నువ్వెవడివిరా?" అన్నాను. గ్లాసు బల్ల మీద పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు నేను ఉత్తరం చదివాను. ఆ పెద్దాయన కుటుంబంతో సహా సంఘం వదిలేశారు. నేను తేడా అనుకున్న ఇసుక బిల్లు మూడు నెలల తర్వాత వేరే పుస్తకంలో దొరికింది.

అప్పటినుంచి బైబిల్లో ఎవరు ఎవరికి సలహా చెప్పినా ఆ పేజీ దగ్గర ఆగి చదువుతున్నాను. అలా చదివి నేర్చుకున్నవే ఈ సలహాలు. మొదటిసారి వింటే తలకిందులుగా అనిపిస్తాయి. మన పెద్దలు చెప్పేవాటికి, చుట్టుపక్కలవాళ్ళు చెప్పేవాటికి అడ్డంగా ఉంటాయి. కానీ ఒక్కొక్కటీ మనసారా నమ్మి చెబుతున్నాను. అన్నింటి వెనకా ఉన్నది ఒకే ప్రశ్న: ఈ మాట నాకు చెప్పినందుకు చెప్పినవాడికి ఏం పోతుంది?

1. మీతో పెరిగినవాళ్ళని ఆఖర్న అడగండి

కష్టమొస్తే మన మనిషి దగ్గరికే పరుగెత్తుతాం. ఆ అలవాటే రెహబాము రాజ్యాన్ని రెండు ముక్కలు చేసింది.

సొలొమోను చనిపోయాక జనం షెకెములో కూడి అతని కొడుకు రెహబామును ఒకటే కోరారు. మీ నాన్న మా మీద మోపిన బరువు తగ్గిస్తే నీకు సేవ చేస్తాం అన్నారు. అతను మూడు రోజులు గడువు పెట్టాడు. ముందు తండ్రి కొలువులో పనిచేసిన పెద్దల్ని పిలిచాడు. ఇవాళ ఒక్కరోజు నువ్వు వాళ్ళకి సేవకుడివై మంచిగా మాట్లాడు, వాళ్ళు ఎప్పటికీ నీవాళ్ళవుతారు అన్నారు పెద్దలు. ఆ మాట రుచించక, తనతో పెరిగినవాళ్ళని పిలిచాడు. ఇంకా బిగించమన్నారు వాళ్ళు. కొరడాలు చాలవు, తేళ్ళతో కొడతానని చెప్పమన్నారు. మూడో రోజు అలాగే చెప్పాడు. పది గోత్రాలు లేచి వెళ్ళిపోయాయి. వెట్టిచాకిరి మీద అధికారి అయిన అదోరామును జనం రాళ్ళతో కొట్టి చంపారు. రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు.

1 రాజులు 12వ అధ్యాయం చదివేటప్పుడు రెండు సంగతులు గమనించండి. గద్దెనెక్కే నాటికి రెహబాము వయసు 41. యౌవనులు అన్న మాట చూసి కుర్రకారు అనుకుంటాం గానీ, అతనితో పెరిగినవాళ్ళంటే ఇంచుమించు అతని ఈడువాళ్ళే. కాబట్టి ఇక్కడ కొంప ముంచింది వయసు కాదు. రెండోది అతను అడిగిన తీరు. జనానికి ఏం జవాబు చెప్పాలని పెద్దల్ని అడిగాడు. స్నేహితుల దగ్గరికి వచ్చేసరికి, హీబ్రూ మూలంలో, ప్రశ్నలోకి 'మనం' వచ్చి చేరింది. మనం ఏం చెబుదామని అడిగాడు. అలా అడిగాక ఇక కాదనేవాడు ఎవడు? వాళ్ళ సలహా ఫలిస్తే కొలువులో వాళ్ళకి చోటు దొరుకుతుంది. బెడిసికొడితే పోయేది రాజుగారి రాజ్యం. చెప్పినందుకు వాళ్ళకి పోయేదేమీ లేదు.

అందుకే ఈసారి ఎవరికైనా ఫోన్ చేసేముందు, అతను ఏమంటే బాగుండునని మీ మనసు కోరుకుంటోందో ఒక కాగితం మీద రాసుకోండి. అతను సరిగ్గా అదే అంటాడని మీకు ముందే తెలిస్తే ఆ ఫోన్ ఆపి, ముందు ఇంకొకరిని అడగండి.

2. తెలివైన స్నేహితుణ్ణి చూసి భయపడండి

సలహా అడగాలంటే తెలివైనవాణ్ణి అడగమంటారు. దావీదు కొడుకు అమ్నోనుకు అలాంటి స్నేహితుడే ఉన్నాడు. పేరు యోనాదాబు. దావీదు అన్న షిమ్యా కొడుకు, అంటే ఇంటి మనిషే. అతను గొప్ప యుక్తిపరుడని 2 సమూయేలు 13వ అధ్యాయం చెబుతుంది. రోజురోజుకీ చిక్కిపోతున్నావేమని ఆప్యాయంగా అడిగాడు. తన సవతి చెల్లెలు తామారు మీద మోహంతో అలా అయిపోయానని అమ్నోను చెప్పాడు. ఆ క్షణంలో నిజమైన స్నేహితుడైతే చెంప మీద ఒక్కటిచ్చేవాడు. యోనాదాబు మాత్రం ఉపాయం చెప్పాడు: జబ్బు నటించి పడుకో, నాన్న చూడ్డానికొస్తే చెల్లెలి చేత వంట చేయించి పంపమని అడుగు. ఆ ఉపాయం ఒక ఆడపిల్ల బతుకును నాశనం చేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. రెండేళ్ళ తర్వాత తామారు అన్న అబ్షాలోము గొర్రెల బొచ్చు కత్తిరించే పండక్కి పిలిచి అమ్నోనును చంపించాడు. రాజకుమారులందరూ చచ్చిపోయారని కబురొచ్చి దావీదు నేల మీద పడి ఉంటే, పక్కన నిలబడి తాపీగా ధైర్యం చెప్పినవాడు యోనాదాబే. అమ్నోను ఒక్కడే చనిపోయాడన్నాడు. తామారుకు అన్యాయం జరిగిన రోజునుంచే అబ్షాలోము దీనికి నిశ్చయించుకున్నాడని కూడా అన్నాడు. అంటే సంగతి అతనికి తెలుసు. తెలిసి అమ్నోనును హెచ్చరించినట్టు మాత్రం గ్రంథంలో ఎక్కడా లేదు.

తెలివి ఎవరి పనికైనా కూలికొస్తుంది. అందుకే తెలివికన్నా ముందు మనిషిని చూడండి. 12వ శతాబ్దంలో ఇంగ్లండు యార్క్‌షైర్‌లోని రీవో మఠానికి అధిపతిగా ఉన్న ఏల్రెడ్, ఆధ్యాత్మిక స్నేహం మీద సంభాషణల రూపంలో ఒక పుస్తకం రాశాడు. స్నేహితుణ్ణి ముందు ఎంచుకోవాలి, తర్వాత పరీక్షించాలి, ఆ తర్వాతే మనసులోకి రానివ్వాలి అంటాడు. అతనిలో పరీక్షించమన్నవి నాలుగు: నమ్మకం, ఉద్దేశం, విచక్షణ, ఓర్పు. ఆ నాలుగింటిలో తెలివితేటలకు విడిగా చోటు లేదు. యోనాదాబును ఈ రాయి మీద గీసి చూడండి, మొదటి గీతకే రంగు బయటపడుతుంది.

3. స్నేహితుడు ఏడుస్తుంటే వాక్యం చెప్పకండి

విశ్వాసులకు ఇది మరీ తలకిందులుగా వినిపిస్తుంది. ఓదార్పు వాక్యంలోనే ఉంది కదా అంటారు. ఉంది. అయితే అది ఏ వేళకి అందాలో కూడా వాక్యమే నేర్పింది.

యోబు పదిమంది పిల్లల్నీ, ఆస్తినీ, ఒంటి ఆరోగ్యాన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నాడని తెలిసి ముగ్గురు స్నేహితులు ఎవరి ఊళ్ళనుంచి వాళ్ళు కూడబలుక్కుని వచ్చారు. దూరంనుంచి చూసి గుర్తుపట్టలేక బావురుమన్నారు. బట్టలు చింపుకున్నారు, తలమీద దుమ్ము పోసుకున్నారు. ఏడు పగళ్ళు ఏడు రాత్రులు అతని పక్కనే నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆ ఏడు రోజులూ వాళ్ళు లోకంలోకెల్లా మంచి స్నేహితులు.

ఎనిమిదో రోజునుంచి మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారన్న ధోరణిలో బిల్దదు మాట్లాడాడు. 22వ అధ్యాయానికి వచ్చేసరికి ఎలీఫజు, యోబు ఎన్నడూ చేయని పాపాల జాబితా చదివాడు: దప్పికైనవాడికి నీళ్ళివ్వలేదట, విధవరాళ్ళను వట్టి చేతులతో పంపాడట. ఎందుకంత కఠినంగా మాట్లాడారు? నీతిమంతుడికి కూడా ఇంత కష్టం వస్తుందని ఒప్పుకుంటే రేపు అది తమకూ రావచ్చు. ఆ భయం ఆపుకోవడానికి స్నేహితుణ్ణి దోషిని చేశారు. వాళ్ళ మాటలకి మూల్యం చెల్లించింది యోబే. ఆఖర్న దేవుడు కోప్పడింది యోబు మీద కాదు, వాళ్ళ మీద. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్ళు తెచ్చి బలి అర్పించమన్నాడు. యోబు వాళ్ళ కోసం ప్రార్థించాకే క్షమించాడు.

చావింట్లో అడుగుపెట్టగానే 'దేవుడి చిత్తం', 'ప్రభువు పిలుచుకున్నాడు' అనకండి. టిఫిన్ క్యారియర్‌లో అన్నం పట్టుకెళ్ళండి. అంట్లు తోమండి. వచ్చేపోయేవాళ్ళకి మంచినీళ్ళివ్వండి. మొదటి నెలలో అందరూ వస్తారు, మూడో నెలలో ఎవరూ రారు. మీరు అప్పుడు వెళ్ళండి. ఆ ఇంటి మనిషి తనంతట తాను ప్రశ్న వేసినప్పుడు వాక్యం తెరవండి.

4. దారితప్పిన స్నేహితుడి కోసం ప్రార్థించమని ఎవరికీ చెప్పకండి

మన కూడికల్లో జరిగేదే చెబుతున్నాను. "ఫలానా బ్రదర్ కోసం కొంచెం ప్రార్థించండి, పేరు చెప్పకూడదు గానీ..." అని మొదలవుతుంది. వాక్యం పూర్తయ్యేసరికి పేరు, ఇల్లు, అప్పు ఎంతో, అలవాటు ఏమిటో అన్నీ బయటపడతాయి. అందరూ కళ్ళు మూసుకుంటారు. ఆ బ్రదర్‌కి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు.

మత్తయి 18వ అధ్యాయంలో యేసు చెప్పిన వరస చూడండి. ముందు నువ్వూ అతనూ ఒంటరిగా. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని. అప్పటికీ వినకపోతేనే సంఘానికి. మనం తిరగేసి, సంఘంతో మొదలుపెట్టి ఆ మనిషి దాకా వెళ్ళకుండానే ఆగిపోతున్నాం. ఎందుకంటే మొదటి మెట్టు దగ్గరే ఖర్చు ఉంది. అతని ముఖం మాడిపోవడం చూడాలి, రేపటినుంచి పలకరించకపోతే ఓర్చుకోవాలి.

నాతాను ప్రవక్త ఆ మొదటి మెట్టు ఎక్కాడు. ఎవరి ముందు? ఊరియా భార్య బత్షెబను తెచ్చుకుని, ఊరియాను యుద్ధంలో ముందు వరసలో పెట్టించి చంపించిన రాజు ముందు. ఒక హత్య చేయించిన చేతికి రెండోది బరువా? అయినా వెళ్ళాడు. వెళ్ళి తిట్టలేదు, కథ చెప్పాడు. ఒక బీదవాడు, వాడికి ఒక్కటే గొర్రెపిల్ల. వాడి ముద్దలో తిని, వాడి గిన్నెలో తాగి, వాడి రొమ్మున పడుకునేది. పక్కింటి ధనికుడికి ఎన్నో మందలున్నా, చుట్టం వస్తే ఈ ఒక్కదాన్నే లాక్కుని వండించాడు. చిన్నప్పుడు గొర్రెలు కాచిన దావీదుకు ఆ కథ ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అలాంటివాడు చావాలని, నాలుగింతలు తిరిగివ్వాలని మండిపడ్డాడు. తీర్పు రాజు నోటే వచ్చాక, ఆ ధనికుడు ఎవరో నాతాను చెప్పాడు. దావీదు తప్పు ఒప్పుకున్నాడు.

తర్వాత బత్షెబకు పుట్టిన కొడుకుల పేర్లు 1 దినవృత్తాంతాలు 3వ అధ్యాయంలో ఉన్నాయి. వాళ్ళలో ఒకడి పేరు నాతాను. ప్రవక్త పేరే పెట్టారని గ్రంథం చెప్పదు. నేను మాత్రం ఆ పేరు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగుతాను. తమ పాపాన్ని బయటపెట్టినవాడి పేరుతో ఆ ఇంట్లో రోజూ ఒక బిడ్డను పిలిచేవాళ్ళు.

తప్పు పదిమంది ముందు జరిగి పదిమందిని పాడుచేస్తుంటే సంగతి వేరు. అంతియొకయలో పేతురు యూదులకు జంకి అన్యజనుల పంక్తి నుంచి లేచిపోతే పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఆ గాయం ద్వేషంగా మిగల్లేదు. పేతురు పేరుతో ఉన్న రెండో పత్రిక చివర్న పౌలు ప్రస్తావన ప్రియ సహోదరుడిగానే వస్తుంది.

5. మీ చేతికింద మనిషిని సలహా అడగండి

సిరియా సేనాధిపతి నయమానుకు కుష్ఠు. ఎలీషా దగ్గరికి గుర్రాలతో, రథాలతో వెళ్ళాడు. ప్రవక్త గడప దాటి బయటికైనా రాలేదు, యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. మా దమస్కులో అబానా, ఫర్పరు నదులు లేవా అని నయమాను రుసరుసలాడుతూ వెనుదిరిగాడు. అప్పుడు ముందుకొచ్చింది అతని పనివాళ్ళు. తండ్రీ అని పిలిచి, ప్రవక్త ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే చేసేవాడివే కదా, స్నానం చేయమంటే ఏం పోయిందని అడిగారు. కోపంలో ఉన్న సేనాధిపతికి పనివాడు ఎదురుచెప్పడమంటే ఏమిటో ఆలోచించండి. ఆ దారి చూపించిందే ఒక పనిపిల్ల, యుద్ధంలో చెరపట్టి తెచ్చిన చిన్నది. పెద్ద పదవిలో ఉన్నవాళ్ళెవరూ అతన్ని బాగుచేయలేదు.

ఇక్కడ స్నేహం ఎక్కడుందని అడగొచ్చు. యోహాను 15వ అధ్యాయంలో యేసు శిష్యుల్ని ఇక దాసులు అననంటాడు, స్నేహితులు అంటాడు. దానికి ఆయన చెప్పే కారణం, తండ్రి దగ్గర విన్నదంతా వాళ్ళకి తెలియజేయడం. దాసుడికీ స్నేహితుడికీ మధ్య గీత అక్కడుంది. నిజం చెప్పడానికి, వినడానికి తలుపు తీసి ఉంటే పనివాడైనా స్నేహితుడే. తలుపు మూసి ఉంటే పక్క కుర్చీలో కూర్చున్నవాడూ పరాయివాడే.

మీ ఇంట్లో పనిచేసే అమ్మను, మీ ఆఫీసు డ్రైవర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "నాలో ఏది మారితే నీకు పని తేలికవుతుంది?" అడిగి, కనీసం ఆ పూట సంజాయిషీ చెప్పుకోకుండా ఉండండి.

6. మేలు చేసినవాళ్ళ ముందే లోటు చెప్పండి

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు మనవాళ్ళు. ఆ సామెత స్నేహానికి వర్తించదని నాకు నేర్పింది డోర్నకల్.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1903లో అక్కడి క్రైస్తవులు స్వయంగా స్థాపించిన మిషనరీ సంఘానికి పునాది వేసినవాళ్ళలో ఒకడు. ఆ సంఘం తరఫునే 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని పల్లెల్లో పనిచేశాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 35 ఏళ్ళ అజరయ్య లేచి మాట్లాడాడు. మిషనరీలు చేసిన త్యాగాలకు భారతీయ సంఘం ఎప్పటికీ కృతజ్ఞతతో ఉంటుందన్నాడు. ఆ తర్వాత, ఇంకా మాకు కావలసింది ఒకటుంది అన్నాడు: ప్రేమ కావాలి, స్నేహితులు కావాలి. ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళుగా మిగిలిపోయామని, కలిసి కూర్చునే మనుషులం కాలేదని దాని భావం.

సభలో కొందరికి అది మింగుడుపడలేదు. ఆ హాల్లో ఉన్నవాళ్ళ డబ్బుతో, వాళ్ళ మాట సాయంతోనే మన దేశంలో సంఘాలు నడుస్తున్న కాలం అది. పొగిడి కూర్చుంటే చప్పట్లు ఖాయం. అజరయ్య ఆ చప్పట్లు వదులుకున్నాడు. 1912లో ఆయన డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. ఆయన చెప్పిన తీరులో నేర్చుకోవలసింది ఉంది. ముందు చేసిన మేలును పేరుపెట్టి చెప్పాడు. తర్వాత లోటు చెప్పాడు. ఆఖర్న అడిగింది డబ్బు కాదు, వాళ్ళనే అడిగాడు.

మీ చదువుకు ఫీజు కట్టిన మేనమామకో, మిమ్మల్ని పెంచిన పాస్టరుగారికో ఇలాంటి మాట బాకీ ఉంటే ఈ వరసలోనే చెప్పండి.

7. చెప్పాక, విన్నారో లేదో చూడ్డానికి వెళ్ళకండి

యిత్రో అల్లుడు మోషేను చూడ్డానికి అరణ్యానికి వచ్చాడు. పొద్దుటినుంచి సాయంత్రందాకా జనం వరసకట్టి నిలబడి ఉన్నారు, మోషే ఒక్కడే కూర్చుని తగవులు తీరుస్తున్నాడు. ఇది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు మామ. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్క నాయకుణ్ణి పెట్టమన్నాడు. అంత పక్కా ఏర్పాటు చెప్పి కూడా, దేవుడు నీకు అలా సెలవిస్తేనే అని జోడించాడు. మోషే విన్నాడు. యిత్రో తన దేశం వెళ్ళిపోయాడు.

దీని పక్కన అహీతోపెలును పెట్టి చూడండి. అతని సలహా అంటే దేవుడి దగ్గర విచారణ చేసినట్టే అనుకునేవాళ్ళు. అతను దావీదును వదిలి అబ్షాలోము పక్షం చేరాడు. ఆ రాత్రే దావీదును తరమాలని చెప్పాడు. యుద్ధం లెక్కలో అది సరైన మాటే. కానీ అబ్షాలోము ఇంకో సలహాదారు హూషై మాట విన్నాడు. తన ఆలోచన సాగలేదని చూసి అహీతోపెలు గాడిదకు గంత కట్టి ఊరికి వెళ్ళి, ఇల్లు చక్కబెట్టుకుని ప్రాణం తీసుకున్నాడు. తన మాట నెగ్గడమే తన విలువ అనుకున్న మనిషి, అది నెగ్గనినాడు నిలబడలేకపోయాడు. 2 సమూయేలు 17లో ఆ ఒక్క వచనం చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

చెప్పేటప్పుడు ఖర్చుపెట్టాల్సిన వాటిలో ఆఖరిది 'నేను చెప్పలేదూ' అనే హక్కు. అది కూడా వదిలేసుకోండి. స్నేహితుడు మీ మాట వినక దెబ్బతిని వస్తే, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళివ్వండి.

8. ప్రాణస్నేహితులు ఏడ్చి చెప్పినా, కొన్నిసార్లు వినకండి

ఇంతదాకా చెప్పినదాన్ని ఇది కొట్టేసినట్టుంటుంది. అయినా చెప్పక తప్పదు. ప్రేమ ఉన్నంత మాత్రాన సలహా సరైనదైపోదు.

యేసు తాను శ్రమపడి చనిపోవాలని చెప్పినప్పుడు పేతురు పక్కకి తీసుకెళ్ళి అలా జరగకూడదన్నాడు. ప్రేమతోనే అన్నాడు. యేసు ఎంత గట్టిగా తోసిపుచ్చాడో మనకు తెలుసు. ఆ మాటతో పేతురు అడ్డుకోబోయింది తన భయాన్ని కాదు, దేవుడి పనినే. కైసరయలో పౌలుకూ అలాంటి సందర్భమే వచ్చింది. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్ళూ చేతులూ కట్టుకుని, యెరూషలేములో ఈ నడికట్టు గలవాణ్ణి ఇలాగే బంధిస్తారన్నాడు. పక్కనున్నవాళ్ళంతా వెళ్ళొద్దని ఏడ్చారు. వాళ్ళ ఏడుపు తన గుండెను బద్దలుచేస్తోందని పౌలు చెప్పుకున్నాడు. అయినా వెళ్ళాడు.

అపొస్తలుల కార్యములు 21లో నాకు ఇష్టమైనది ఆ తర్వాతి ఘట్టం. అతను వినడని తెలిశాక స్నేహితులు ప్రభువు చిత్తానికి వదిలి ఊరుకున్నారు. అలిగి ఇళ్ళకు పోలేదు. కైసరయ శిష్యుల్లో కొందరు దారి పొడుగునా వెంట నడిచి, అతనికి బస చూపించారు. వద్దని సలహా చెప్పినవాళ్ళే మూట మోశారు.

కాబట్టి స్నేహితుడి మాటను చివరిదాకా వినండి. వద్దన్నవాడి కళ్ళలో నీళ్ళు చూడండి. దాన్ని ప్రార్థనలో దేవుడి ముందు పెట్టండి. తర్వాత మీ అంతరాత్మకు తోచింది చేయండి. విననందుకు నిష్ఠూరం మిగలకూడదంటే, పూర్తిగా విన్నాకే కాదనాలి. వినకముందే కాదనకూడదు. నేను ఆ శనివారం రాత్రి చేసిన తప్పు అదే.

ఎనిమిది నెలల తర్వాత నా స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. తను పొలం నుంచి ఇంకా రాలేదు. వాళ్ళావిడ కుర్చీ వేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఉండబట్టలేక అంది: "ఆ రాత్రి మీ ఇంటికి వచ్చేముందు అన్నం ముట్టలేదన్నయ్యా. వాకిట్లో గంటసేపు అటూ ఇటూ తిరిగారు. ఎందుకండీ వెళ్ళడం, పొద్దున్నే మాట్లాడొచ్చుగా అన్నాను. 'పొద్దున చెబితే లాభం లేదు. ఇవాళ్టితో వాడూ నేనూ సరి. అయినా చెప్పాలి' అని గొడుగు తీసుకున్నారు."

సామెతల గ్రంథం 27వ అధ్యాయం స్నేహితుడు చేసే గాయాన్నీ పగవాడు పెట్టే ముద్దులనూ తూచి, గాయమే నమ్మదగినదంటుంది. ఆ వాక్యం నేను సండే స్కూల్లో చాప మీద కూర్చుని అప్పజెప్పాను. నా పక్కన కూర్చుని అప్పజెప్పినవాడు దాన్ని చేసి చూపించాడు. నలభై ఏళ్ళ స్నేహాన్ని ఖరీదుగా తీసుకుని ముసురులో మా ఇంటికి వచ్చాడు. నేను టీ మీద మీగడ మాత్రమే చూశాను.

తను వచ్చాడు. భుజం మీది పార దించాడు. నేను లేచి నిలబడ్డాను, క్షమించమని అడగడానికి మాటలు కూడగట్టుకుంటూ. "ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళావా?" అన్నాడు ముందే. లేదన్నాను. "పద, నేనూ వస్తాను" అన్నాడు.

కాళ్ళు కూడా కడుక్కోకుండా బయల్దేరాడు. ఆ పెద్దాయన తలుపు తీశారు, కూర్చోమన్నారు, నా మాట విన్నారు. మా సంఘానికి మాత్రం మళ్ళీ రాలేదు. కొన్ని ఉత్తరాలు చదివాక వెనక్కి రావు. తిరుగుదారిలో నా స్నేహితుడు ఏమీ అనలేదు. 'నేను చెప్పలేదూ' అని అప్పుడూ అనలేదు, ఈ పన్నెండేళ్ళలోనూ అనలేదు.

అలాంటి మనిషి మీకు ఒక్కరున్నా, ఇవాళే వెళ్ళి కలవండి. ఈమధ్య నాలో నీకు నచ్చనిది ఏమిటని అడగండి. ఆయన నోరు విప్పేదాకా ఆగండి.